కాలువ ఇవతల పుట్టిల్లు

మా అక్క మంగాయమ్మకి వీసా అంటే ఏమిటో తెలియదు. ఆషాఢం అంటే తెలుసు. ఈ రెండిట్లో ఏది గొప్పదో పోయిన జూలైలో మా ఊళ్లో తేలింది.

పెళ్లయిన మొదటి ఏడాది ఆషాఢమాసంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదని మావైపు ఆచారం. దాటితే ఏమవుతుందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అడిగినా మా అక్క చెప్పదు. మూతి కొద్దిగా పక్కకి తిప్పి, కళ్లు మూసి తెరుస్తుంది. ఊళ్లో సగం చట్టాలు ఆ మూతి తిప్పుడు మీదే నడుస్తాయి. మిగతా కోడళ్లకి దానివల్ల ఇబ్బంది లేదు. ముమ్మిడివరం బస్సో కొత్తపేట బస్సో ఎక్కుతారు, అమ్మగారింట్లో నెల్లాళ్లు తిని పడుకుని వస్తారు. మా గంగబాబు పెళ్లానిది ఫిలిప్పీన్సు. అక్కడికి బస్సు లేదు.

గంగబాబు మా అక్కకి ఒక్కడే కొడుకు, నాకు మేనల్లుడు. మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఏసీలు బాగుచేశాడు. అక్కడ ఒక ఆస్పత్రిలో బట్టలుతికే సెక్షన్‌లో పనిచేసే పిల్లని ఇష్టపడ్డాడు. కంపెనీ మూతపడ్డాక జనవరిలో ఇద్దరూ కలిసి వచ్చేశారు. వాడు రాజోలు సెంటర్లో రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఆ పిల్ల పేరు మారితెస్. మా ఊరికి నోరు తిరగలేదు. మూడో రోజుకి మారుతి అయింది. ఆడపిల్లకి ఆంజనేయస్వామి పేరేమిటని ఒక్కడికీ తట్టలేదు.

ఆమె వచ్చింది ఆరు నెలల చుట్టపుచూపు వీసా మీద. జూలై పద్దెనిమిదితో అది సరి. ఆలోగా, ఈ దేశపువాడి పెళ్లాంగా ఇక్కడే ఉండిపోయే వీసా తెచ్చుకోవాలి. రాకపోతే పద్దెనిమిదికల్లా విమానం ఎక్కెయ్యాలి. ఎక్కకుండా ఉంటే నేరం. ఎక్కితే మళ్లీ మొదటినుంచి, అక్కడ కూర్చుని, ఎన్నాళ్లకో. షాపు పెట్టి ఆరు నెలలు కానివాడు దాన్ని మూసేసి ఆమె వెనకాల తిరగలేడు. వాళ్ల కాపురం నిలబడేదీ పడేదీ ఆ కాగితం మీదే.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఊళ్లో వీసాల పండితులు పుట్టుకొచ్చారు. రొయ్యల చెరువులాయన, వాళ్ల బావమరిదికి ఢిల్లీలో ఎవరో తెలుసునన్నాడు. ఆ ఎవరో పేరు అడిగితే టీ చల్లారిపోతోందన్నాడు. రిటైరైన మేష్టారొకాయన, పిల్లకి తెలుగు వచ్చేస్తే వీసా అక్కర్లేదని చెప్పాడు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కువైట్‌లో డ్రైవరుగా ఎనిమిదేళ్లు చేసి వచ్చాను కాబట్టి, వీసా అంటే తెలుగు పరీక్ష కాదని మాత్రం తెలుసు. చెప్పాను. చదువుకోనివాడివి నీకెందుకన్నారు.

గంగబాబు ఎవరి మాటా వినలేదు. అమలాపురం వెళ్లి కనుక్కుని, వరస ప్రకారం చేసుకొచ్చాడు. పిల్లకి ఇదివరకు పెళ్లి కాలేదని వాళ్ల దేశం నుంచి కాగితం తెప్పించాడు. మార్చిలో రిజిస్ట్రారు దగ్గర సంతకాలయ్యాయి. వైశాఖంలో మా అక్క జీలకర్రా బెల్లం పెట్టించింది. వీసాకి మొదటి పెళ్లి చాలు, మా అక్కకి రెండోది కావాలి. జూన్ మధ్యలో దరఖాస్తు వెళ్లింది. ఇంక మిగిలింది పోలీసు విచారణ. మొగుడూ పెళ్లాం నిజంగా ఒక ఇంట్లో కలిసి ఉంటున్నారా అని స్టేషన్ నుంచి ఒకరొచ్చి, చూసి, రాసుకుపోతారు. అంతే. గొర్రెకైనా అర్థమయ్యే సంగతి.

దరఖాస్తు వెళ్లిన వారానికి ఆషాఢం వచ్చింది.

మా అక్క వీధరుగు మీద కూర్చుని కోడలు పుట్టింటికి వెళ్లాలంది. ఏ పుట్టింటికమ్మా అని గంగబాబు తల పట్టుకున్నాడు. ఈ నెల వదిలెయ్యమన్నాడు. మూతి పక్కకి తిరిగింది. ఏమీ అర్థం కాని ఆ పిల్ల, అత్తగారికి పన్ను నొప్పేమో అనుకుని లవంగం తెచ్చిచ్చింది.

రెండు రోజులు ఆలోచించి మా అక్క కాలువ దాటి నా దగ్గరికి వచ్చింది. పంట కాలువకి అవతల వాళ్లిల్లు, ఇవతల నాది. మధ్యలో సిమెంటు వంతెన. అటునుంచి దగ్గితే ఇటు వినపడుతుంది. ఆవిడ చెప్పిన లెక్క ఇదీ: మేనమామని కాబట్టి, నాకు కూతురే ఉంటే గంగబాబుకే ఇచ్చేవాణ్ణి. లేదు కాబట్టి, ఈ పిల్లే నా కూతురు. కాబట్టి నా ఇల్లే ఆమెకి పుట్టిల్లు.

నాకు పిల్లల్లేరు. భార్య ఉంది. సత్యశ్రీ. నేను కువైట్ నుంచి వచ్చేశాక తను వెళ్లింది, ఇళ్లల్లో పనికి. పదకొండేళ్లయింది. వచ్చే ఏడాది వస్తానని ఏటా చెప్తుంది. మొదట్లో ఎందుకు రావని అడిగేవాణ్ణి. ఇప్పుడు వర్షాలు పడుతున్నాయా అని తను అడుగుతుంది, పడుతున్నాయని నేను చెప్తాను.

వద్దన్నాను. విచారణ ఉందని, ఈ నెలే వస్తారని, కాలువ ఇవతల పిల్ల కనపడితే మాటొస్తుందని చెప్పాను. మా అక్క నవ్వింది. కాలువంత దూరంలో ఉంటే వేరే ఉన్నట్టేమిట్రా, వచ్చినవాడు మనిషి కాడా అంది. వేరే కాకపోతే పంపడం దేనికని నేనడగలేదు. మా అక్కతో వాదించడం కన్నా కాలువకి ఎదురీదడం తేలిక.

మర్నాడు మారితెస్ చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ వంతెన దాటింది. గంగబాబు సాయం రాకూడదట. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఒక్కడూ ముందుకొచ్చి పెట్టె పట్టుకున్న పాపాన పోలేదు.

మాకిద్దరికీ ఒక భాష లేదు. తనకి తెలుగు నలభై మాటలు, నాకు ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. గల్ఫులో అరువు తెచ్చుకున్న అరబ్బీ ముక్కలు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి. షువై అంటే కొంచెం, ఖలాస్ అంటే అయిపోయింది, మాఫీ అంటే లేదు. వాటితో కాపురమే చెయ్యొచ్చు, వంట చేసుకోలేమా. చేపని వెనిగర్లో ఉడికించి పెట్టింది. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, మూడోదానికి ఊరుకున్నాను. కొబ్బరి తురమడం చూసి మాత్రం నోరు తెరిచాను. పీట మీద పక్కకి కూర్చుని, పెంకుకి పొర కూడా మిగలకుండా తురిమేసింది. వాళ్ల ఊళ్లోనూ కొబ్బరితోటలే అట. కొబ్బరిచెట్టు కోనసీమకే దేవుడు రాసిచ్చాడని రొమ్ము విరుచుకునే మా ఊరివాళ్లు గోడమీంచి చూసి, అది ఇక్కడికొచ్చాకే నేర్చుకుందని తీర్మానించారు.

ఒక్కటే నాకు గుచ్చుకుంది. నన్ను తాతయ్ అని పిలిచేది. నాకు యాభై రెండు. జుట్టు నెరిసింది నిజమే. అయినా నాన్నగారూ అనాలని మా అక్క నేర్పించి పంపింది కదా. రెండు మూడుసార్లు సరిదిద్దాను. తలూపి, మళ్లీ తాతయ్ అనేది. గట్టు మీద నీళ్లు మోసే ఆడవాళ్లు విన్నారు. ఇంకేం, ఊరంతటికీ తాతయ్యనయ్యాను. నాకన్నా పదేళ్లు పెద్దవాడు, పళ్లులేనివాడు, సైకిలాపి మరీ ఏం తాతయ్యగారూ అని పలకరించేవాడు.

మా అక్క అవతలి ఒడ్డు నుంచి గోరింటాకు నూరి పంపింది. పిల్ల చేతులు ఎర్రగా పండితే చాలా సంతోషించి, మొగుడికి చూపిద్దామని కాలువ గట్టున నిలబడింది. వాడు అవతల నిలబడి చూశాడు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటూ, ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. ముప్ఫై అడుగుల నీళ్ల మీద ఫోను. వెనకటికి ఎవడో పెరట్లోకెళ్లి ఉత్తరం రాశాట్ట.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆషాఢం కావిడి ఎప్పుడు పంపుతావని మా అక్క కబురెట్టింది. పుట్టింటివాళ్లు అల్లుడికి స్వీట్లూ పళ్లూ చేపలూ కావిళ్లు కట్టి పంపడం మావైపు ఉంది. తన కోడల్ని నా ఇంట్లో దింపి, తనకి కావిడి నన్ను పంపమంటోంది. సిగ్గు అనేది మా అమ్మ మా ఇద్దరికీ పంచుతుంటే ఆవిడ అప్పుడు నీళ్లకెళ్లినట్టుంది.

జూలై నాలుగున కానిస్టేబుల్ వచ్చాడు. పేరు సోమేశ్వరరావు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, మహా మర్యాదస్తుడు, చెప్పులు బయట విప్పి మరీ మా అక్క అరుగెక్కాడు. గంగబాబు షాపులో ఉన్నాడు. నేను తోటలో ఉన్నాను. జరిగింది తర్వాత నలుగురు చెప్తే తెలిసింది. నలుగురూ గొప్పగానే చెప్పారు.

మీ కోడలుగారు ఉన్నారాండీ అని అడిగాడట. లేదంది మా అక్క. కొడుకూ కోడలూ కలిసి ఉంటున్నారాండీ అన్నాడట. మా అక్కకి అది తన మర్యాదని అనుమానించినట్టు తోచింది. పక్కింటి అచ్చమ్మని కేకేసి సాక్ష్యం పెట్టింది.

"ఆషాఢంలో కలిసెలా ఉంటారండీ? మేం అలాంటోళ్లం కాదండీ," అంది మా అక్క. "ఏవే అచ్చమ్మా, చెప్పు. మా కోడలు గడప తొక్కిందా?"

"ఆయ్, తొక్కలేదండీ," అంది అచ్చమ్మ. "ఆరు రోజులయ్యిందండీ. మొగుడు మొహం కూడా చూడట్లేదండీ. కావాలంటే ఊళ్లో ఎవర్నైనా అడగండీ."

అడిగాడు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. నా బతుకులో మా ఊరు ఒక్క మాట మీద నిలబడటం అదే చూడటం. కలిసి లేరండీ, పుట్టింట్లో ఉందండీ అని చెప్పి, కుర్రాడికి కొబ్బరిబొండం కొట్టిచ్చి పంపారు.

నాలుగు రోజులకి గంగబాబు ఫోనులోకి జవాబొచ్చింది. భర్తతో కలిసి నివసించడం లేదని విచారణలో తేలింది, వారం రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం అని. వాడు షాపు తెరిచింది తెరిచినట్టే వదిలేసి బండి మీద మా ఇంటికొచ్చాడు. వచ్చి, గేటు బయట ఆగిపోయాడు. ఆషాఢంలో అల్లుడు మామగారి గడప తొక్కకూడదు కదా. కాపురం కాలువలో కలిసిపోతున్నా మనవాడికి గేటు అడ్డం. వాడు అటు, మేం ఇటు.

మారితెస్ ఫోను తీసుకుని అంతా చదివింది. నాకేసి చూసింది.

"తాతయ్, ఖలాస్?" అంది.

"మాఫీ ఖలాస్," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నా చేతిలో ఏముంది గనక.

గంగబాబుని తీసుకుని స్టేషన్‌కి వెళ్లాను. సోమేశ్వరరావు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆషాఢం సంగతి నీకు తెలియదా బాబూ అని అడిగాను.

"తెలియకపోడమేంటండీ. మా ఆవిడా పుట్టింట్లోనే ఉందండీ, ఓడలరేవులో," అన్నాడు. "కానీ కాగితంలో ఆషాఢం అని గడి లేదండీ. ఉంటున్నారు, ఉండట్లేదు, రెండే గళ్లండీ. ఊరంతా ఉండట్లేదంటే నేనేం చెయ్యనండీ."

అతన్ని అనడానికేమీ లేదు. శుక్రవారం మళ్లీ వస్తానని, దరఖాస్తులో రాసిన ఇంట్లోనే ఇద్దరూ కనపడాలని, ఇంట్లో పెద్దావిడ కూడా ఈసారి సరిగ్గా చెప్పాలని చెప్పాడు. అప్పటికి మంగళవారం.

ఊళ్లో మళ్లీ పండితులు లేచారు. అత్త వీధి గుమ్మంలోంచి, కోడలు పెరటి గుమ్మంలోంచి వెళ్తే ఒకే గడప కాదు కదా అని మేష్టారు. కోడల్ని కిటికీలోంచి దింపితే గడప ప్రశ్నే రాదని రొయ్యలాయన. నవ్వులాటకి కాదు, నిజంగానే అన్నాడు. మొన్న సాక్ష్యం చెప్పినవాళ్లలో ఒక్కడూ, మేం చెప్పింది పొరపాటయ్యిందయ్యా అనలేదు. మేం అబద్ధం చెప్పలేదు కదా అన్నారు. నిజమే. నిప్పు పెట్టినవాడు కూడా చలేసిందనే చెప్తాడు.

నేను మా అక్క దగ్గరికి వెళ్లాను. అరుగు మీదే కూర్చుంది. మొహం ఎండిపోయి ఉంది. కొడుకు రెండు రోజులుగా అన్నం ముట్టలేదట. అయినా నేను నోరు తెరవకముందే, ఆషాఢం ఇంకా పదిహేను రోజులుందిరా అంది.

"ఇద్దరూ ఒక గడప దాటకూడదు. అంతేనా?" అన్నాను.

"అంతే."

"మరి కోడలే పోవాలని ఎక్కడుంది? నువ్వు పో."

మా అక్క నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నేనెక్కడికి పోతాన్రా?"

"పుట్టింటికి. నీకూ ఉంది కదా, కాలువ ఇవతల. మారుతికి అయిన పుట్టిల్లు నీకు కాదా?"

మూతి పక్కకి తిప్పబోయి ఆగిపోయింది. తర్వాత, నాకేసి చూడకుండా, కాలువకేసి చూస్తూ చెప్పింది.

"నా మొదటి ఆషాఢానికి నన్నెవరూ తీసికెళ్లలేదురా. అమ్మ పోయింది. నాన్నకి పట్టలేదు. నెల్లాళ్లూ కొట్టంలో ఉంచేరు, గేదెల పక్కన. అన్నం అక్కడికే తెచ్చి పెట్టేవోరు. ఆ పిల్లకి అట్టా జరక్కూడదనే కదరా నీ దగ్గరకి పంపేను."

నాకిది తెలియదు. కువైట్ ఎనిమిదేళ్లు పోను, నలభై మూడేళ్లుగా కాలువకి ఇవతలే ఉన్నాను, తెలియదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అయినా తర్వాతెప్పుడైనా అడిగినవాణ్ణి కాదు. జాలిపడదామనుకున్నాను గానీ మా అక్కమీద జాలిపడటం నాకు అలవాటు లేదు.

"అయితే ఇప్పుడు వచ్చి ఉండు," అన్నాను. "మా ఇంట్లో గేదెలు కూడా లేవు."

గురువారం పొద్దున్న ఇద్దరూ బయల్దేరారు. అటునుంచి మా అక్క చేతిసంచీతో, ఇటునుంచి మారితెస్ చక్రాల పెట్టెతో. వంతెన మధ్యలో ఎదురయ్యారు. వంతెనకి గడప లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ పిల్ల పెట్టె వదిలి, మా అక్క చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. వాళ్ల దేశంలో పెద్దవాళ్లకి పెట్టే దణ్ణం అదేనట. జ్వరమేమో చూడమంటోందనుకుని మా అక్క, నుదురు చల్లగానే ఉందే అంది.

శుక్రవారం సోమేశ్వరరావు వచ్చాడు. అవతలింట్లో మొగుడూ పెళ్లాం ఉన్నారు, ఒకే పీటల జత, ఒకే మంచం, తీగమీద ఇద్దరి బట్టలు. రాసుకున్నాడు. మా అక్క వాంగ్మూలం కోసం కాలువ దాటి మా ఇంటికొచ్చాడు. ఈసారి ఆవిడ, కలిసే ఉంటున్నారండీ అని చెప్పి, నేనే ఉండట్లేదండీ అని ఊరుకోకుండా కలిపింది. దానికి గడి లేదు గనక అతను రాసుకోలేదు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పేరు, వీర్రాజు. వయసు. వృత్తి. భార్య పేరు అడిగాడు, చెప్పాను.

"ఇంట్లోనే ఉన్నారాండీ?"

"కువైట్‌లో ఉంది."

"ఎన్నాళ్లయిందండీ?"

"పదకొండేళ్లు."

కుర్రాడు పెన్ను ఆపి, తల దించుకుని, మళ్లీ రాశాడు. గంగబాబూ మారితెస్సూ భార్యాభర్తలుగా కలిసి నివసిస్తున్నారని నాకు తెలుసునని దాని కింద సంతకం పెట్టాను. అలాంటి సంగతి చెప్పడానికి మా ఊళ్లో నాకన్నా తగినవాడు దొరకడు. నేనూ నా భార్యా కలిసి ఉంటున్నామా అని అడగడానికి ఇన్నేళ్లలో ఏ కానిస్టేబులూ రాలేదు. మా వీసాలన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి.

పదహారో తారీకు మధ్యాహ్నం కాగితం వచ్చింది. ఏడాదికి ఇచ్చారు. మళ్లీ పైయేడు పొడిగించుకోవాలి. అప్పటికి ఆమె కొత్త కోడలు కాదు, ఆషాఢం తన పని తను చూసుకుంటుంది. ఊరంతా తమవల్లే వచ్చిందనుకుంది. రొయ్యలాయన బావమరిది ఢిల్లీకి ఫోను చేసుంటాడని రొయ్యలాయనే అన్నాడు.

గంగబాబు స్వీటుపెట్టె పట్టుకుని వచ్చి మళ్లీ గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రారా వెధవా అన్నాను. లోపల అమ్మ ఉంది, ఊరుకోదు మావయ్యా, అమావాస్య దాటనీ అన్నాడు. పెట్టె గేటు మీంచి అందించి, కావిడి నువ్వు పంపలేదు, నేనే తెచ్చుకోవాల్సొచ్చింది అని వెక్కిరించాడు. వెళ్తూ వెళ్తూ, మారితెస్‌కి ఇంట్లో తోచట్లేదు, తాతయ్ ఏం తిన్నాడో అని రోజూ అడుగుతోంది అన్నాడు.

"ముందు దానికి నాన్నకీ తాతకీ తేడా నేర్పు," అన్నాను.

వాడు బండి స్టార్టు చేసినవాడు ఆపాడు. "వాళ్ల భాషలో నాన్నని తాతయ్ అంటారు మావయ్యా. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేనడగలేదు.

మా అక్క అమావాస్య దాకా ఉంది. నా వంట బాగోలేదంది, గోడలకి సున్నం లేదంది, మంచం కుక్కిదంది. రోజూ రెండుసార్లు తింది. వెళ్లేనాడు సంచీ సర్దుకుని గుమ్మంలో అలా నిలబడే ఉంది. ఏమిటన్నాను. పుట్టింటినుంచి వట్టి చేతుల్తో పంపుతావా అంది. నూటపాతిక కొబ్బరికాయలు దింపించి, రెండు పండుగప్ప చేపలు తెప్పించి, కావిడి కట్టించి పంపాను. ఆవిడ ముందు నడిచింది, కావిడి వెనక నడిచింది. గట్టు మీద ఊరంతా చూసింది.

అవతలి ఒడ్డున మారితెస్ చెయ్యెత్తి, తాతయ్ అని గట్టిగా పిలిచింది. పళ్లులేనివాడు సైకిలాపి, మనవరాలు పిలుస్తోంది తాతయ్యగారూ అన్నాడు. అందరూ నవ్వారు. నేను వాళ్లకి ఆ మాటకి అర్థం చెప్పలేదు. చెప్తే నవ్వడానికి ఇంకోటి వెతుక్కోవాలి, పాపం. అంత తెలివి ఎక్కడిది.